ఈగలు తినే మొక్కని ఎవరు చంపారు?

ముందే చెప్పేస్తున్నా, నేను మొక్కల నిపుణుణ్ణి కాను. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఐతే ఈ మధ్య ఓ మొక్కని చంపాను. చంపి ఊరుకున్నానా అంటే అదీ లేదు, ఆ నేరం తీసుకెళ్ళి మా అమ్మ మీద పెట్టాను. ఆ సంగతే మీతో చెప్పుకుందామని.

మన ఐటీ జనాల బల్లలు ఎప్పుడైనా గమనించారా? ఒకప్పుడు ఓ వినాయకుడి బొమ్మ, ఓ కాఫీ మగ్గు, పెళ్ళైన వాళ్ళకైతే పిల్లల ఫోటో ఉండేవి. ఇప్పుడు కొత్తగా గాజు సీసా చేరింది. సీసాలో కాస్త మట్టి, రంగు రాళ్ళు, నాచు, రెండు బుల్లి మొక్కలు, పైన మూత. పేరు టెర్రేరియం. ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలట. అచ్చం అప్రైజల్ టైములో మేనేజరు మన మీద చిలకరించినట్టు.

అందరి సీసాల్లోనూ అవే మొక్కలుంటే ఇక నా గొప్పేముంది? అందుకని ఆన్‌లైన్‌లో వీనస్ ఫ్లైట్రాప్ తెప్పించాను. ఈగ వాలితే నోరు మూసేసే మొక్క, అదే. సీసా మాత్రం నుమాయిష్‌లో కొన్నాను. మాది నాంపల్లి, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి నడిచి పోయేంత దూరం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై 1946లో ఇప్పుడున్న చోటికి మారిన నుమాయిష్‌కి మా ఇంట్లో ఏ జనవరీ వెళ్ళకుండా ఉండం. అమ్మ పచ్చడి జాడీల దగ్గర బేరమాడుతుంటే, పక్కనే గాజు సామాన్ల స్టాల్లో మూతున్న గుండ్రటి సీసా నా కంటపడింది. బేరమాడకుండా కొన్నానని అమ్మ దారంతా తిట్టింది, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి బ్రహ్మాండంగా అలంకరించా. అడుగున రాళ్ళు, వాటి మీద బొగ్గు, ఆపైన నర్సరీ నుంచి తెచ్చిన వర్మీకంపోస్టు కలిపిన మట్టి. మధ్యలో మన హీరో. మూత పెట్టి, ఫోటో తీసి, స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పడేస్తే లైకులే లైకులు.

నిజానికి ఆ మొక్కలో మన లాంటి వాళ్ళకి నచ్చే ఇంజనీరింగు చాలా ఉంది. నోరులా తెరుచుకునే ఆ ఆకుకి రెండు రెక్కలు. ఒక్కో రెక్క లోపల మామూలుగా మూడు సన్నటి వెంట్రుకలుంటాయి. వెంట్రుకకి ఒక్కసారి ఏదైనా తగిలితే మొక్క పట్టించుకోదు, వాన చినుకో దుమ్మో అనుకుంటుంది. దాదాపు 20 సెకన్ల లోపు రెండోసారి తగిలితేనే టపుక్కున మూస్తుంది, అదీ సెకనులో పదో వంతులో. కీబోర్డు బటన్ నొక్కినప్పుడు వచ్చే దొంగ సిగ్నళ్ళని వదిలెయ్యడానికి మనం కోడు రాస్తామే, అలాంటిదే. మూసుకున్నాక కూడా పురుగు లోపల గింజుకుంటూ ఉంటేనే జీర్ణరసాలు వదులుతుంది. ఎన్నిసార్లు తగిలిందో మొక్క లెక్కపెట్టుకుంటుందని 2016లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. ఐదు తగులుళ్ళు అయ్యాక రసాల తయారీ మొదలౌతుందట. మెదడు లేని మొక్కకి కౌంటరూ టైమరూ ఉన్నాయంటే మన జాతి మొక్క కాదూ!

అమ్మకి మాత్రం మొదటి రోజే అనుమానం వచ్చింది.

"ఏందిరా ఇది? ఈగల్ని తింటదా? శనివారం మనింట్ల నీసు ముట్టం, గిదేమో రోజూ తింటదా?"

"రోజూ కాదమ్మా, నెలకి రెండు మూడు చాలు."

"అయితే దానికి సుత ఉపాసాలున్నయన్నట్టు" అని నవ్వేసింది.

మా ఇంటికొచ్చిన ప్రతివాడూ సీసా మూత తీసి అందులో వేలో, పుల్లో పెట్టడం, అది మూసుకుంటే చప్పట్లు కొట్టడం. నేనూ కొట్టాను. ఒక్కో ఆకు జీవితంలో కొన్నిసార్లే మూసుకోగలదని, ఊరికే మూయించిన ప్రతిసారీ దాని శక్తి వృథా అవుతుందని అప్పటికి నాకు తెలీదు.

మార్చిలో వారం రోజులు క్లయింటు పని మీద పుణె వెళ్ళాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి సీసాలో నల్లటి ముద్ద ఒకటుంది. మీద తెల్లటి బూజు. అమ్మనడిగితే "ఎండిపోతుందేమో అని బియ్యం కడిగిన నీళ్ళు పోసిన బిడ్డా" అంది.

మా అమ్మ అన్ని మొక్కలకీ అవే పోస్తుంది. పెయింటు డబ్బాల్లో పెంచే కరివేపాకు, మందారం, మల్లె అన్నీ ఆ నీళ్ళతోనే ముప్పై ఏళ్ళుగా కళకళలాడుతున్నాయి. కానీ ఆ క్షణాన నాకవేవీ గుర్తు రాలేదు. "నిన్నెవరు పొయ్యమన్నరు? తెల్వకపోతే ముట్టొద్దు గదా!" అని అరిచేశాను. గట్టిగానే అరిచాను. పక్క పోర్షను వాళ్ళ టీవీ సౌండు తగ్గింది.

అమ్మ ఏమీ అనలేదు. అనుంటే బావుండేది. ఆ తర్వాత పది రోజులపాటు నా బల్ల మీదున్నది ఏది తియ్యాలన్నా అడగడం మొదలుపెట్టింది. తాగేసిన టీ గ్లాసు కూడా. "ఇది తియ్యొచ్చా?" అని. ఇల్లు ఆమెది, గ్లాసు ఆమెది, నన్ను పెంచింది ఆమె. నా బల్ల మీది టీ గ్లాసు ఎత్తడానికి నన్ను పర్మిషన్ అడుగుతోంది.

ఆ తర్వాతి ఆదివారం మామూలుగానే అబిడ్స్ వెళ్ళాను. ఆదివారం దుకాణాల షట్టర్లు దించాక వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారని మీకు తెలిసిందే. జావా పుస్తకాల గుట్టల మధ్య ఓ పాత డిగ్రీ వృక్షశాస్త్రం పుస్తకం దొరికింది, అట్ట లేకుండా, నలభై రూపాయలకి. కీటకాహార మొక్కల మీద రెండు పేజీలే ఉన్నాయి. ఆ రెండు పేజీలు అక్కడే నిలబడి చదివాను. మిగతాది ఇంటికొచ్చి వెతికి చదివాను. చదివే కొద్దీ నా ముఖం మాడిపోవడం మొదలైంది.

మొదట, ఈ మొక్కలు ఈగల్ని ఎందుకు తింటాయి? ఆకలికి కాదండీ. మిగతా మొక్కల్లాగే ఇవీ ఎండతోనే ఆహారం తయారు చేసుకుంటాయి. కాకపోతే ఇవి పుట్టిన బురద నేలల్లో నత్రజని, భాస్వరం లాంటివి దాదాపు ఉండవు. వేళ్ళకి దొరకనిది ఆకులతో వేటాడి తెచ్చుకుంటాయి. అంటే ఈగ దానికి అన్నం కాదు, ఎరువు. పేదరికంలో బతకడం నేర్చుకున్న ఆ వేళ్ళకి మంచి మట్టి, ఎరువు, ఉప్పు నీళ్ళు తగిలితే మాడిపోతాయి. మరి నేను పెట్టింది? వర్మీకంపోస్టు!

రెండు, నీళ్ళు. వీటికి వాన నీళ్ళో, డిస్టిల్డ్ వాటరో కావాలి. నీళ్ళలో కరిగిన లవణాలు 50 పీపీఎం లోపు ఉంటే మంచిదని పెంచేవాళ్ళంటారు. ఓ టీడీఎస్ మీటరు కొని మా బోరు నీళ్ళలో ముంచితే 700 దాటింది. అడుగున చిల్లు లేని సీసా కాబట్టి నీళ్ళు ఆవిరై పోతాయి, లవణాలు మాత్రం పోగుపడతాయి. జనవరి నుంచీ నేను చిలకరించింది ఆ బోరు నీళ్ళే.

మూడు, మూత. ఈ మొక్కకి రోజూ కనీసం ఐదారు గంటల నేరుటెండ కావాలి. మొదట్లో నీడలో పెట్టాను, వెలుతురు చాల్లేదు. తర్వాత ఎవరో చెబితే మూతతో సహా కిటికీలో పెట్టాను. ఏప్రిల్‌లో ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే ఎలా ఉంటుందో తెలుసుగా? మా సీసాలో మార్చిలోనే అది జరిగింది. నీడలో పెడితే ఆకలి, ఎండలో పెడితే ఆవిరికుడుము. మూతున్న చిన్న సీసాలో ఈ మొక్కకి మూడో దారి లేదు.

నాలుగు, చలికాలం. అమెరికాలోని రెండు కరొలినా రాష్ట్రాల్లో, సముద్ర తీరానికి దగ్గర్లో ఉన్న కాస్త ప్రాంతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా పుట్టదు. అక్కడ మూడు నాలుగు నెలలు బాగా చలి. ఆ నెలల్లో మొక్క నిద్రపోవాలి. మన హైదరాబాదు చలికాలం దానికి పగటి కునుకు కింద కూడా సరిపోదు.

అప్పుడు ఫోన్లో ఫోటోలు వెనక్కి తిప్పి చూశాను. జనవరి ఆఖర్న పచ్చగా ఉంది. ఫిబ్రవరి మధ్యలో రెండు నోళ్ళ అంచులు నల్లబడ్డాయి. మార్చి మొదట్లో మూడు నోళ్ళు పూర్తిగా నలుపు, కొత్తగా వచ్చిన ఆకు వంకర పోయి ఉంది. అన్నీ నేను తీసిన ఫోటోలే, అన్నీ గ్రూపులో పెట్టినవే. అమ్మ బియ్యం నీళ్ళు పోసే నాటికి ఆ మొక్క పని దాదాపు అయిపోయింది.

మన ఆఫీసుల్లో ఇది రోజూ జరిగేదే కదా. ప్రొడక్షన్‌లో ఏదో కూలుతుంది. లాగ్స్ ఎవడూ చూడడు. ఆఖరి కమిట్ ఎవరిదో చూసి వాడి మీద పడతాం. డిజైనే తప్పని తేలేసరికి వాడికి పడాల్సిన తిట్లు పడిపోయి ఉంటాయి. నేనూ అదే చేశాను, కాకపోతే ఆఖరి కమిట్ మా అమ్మది.

ఇక నా అభిప్రాయానికొస్తాను. ఈ మూత సీసా పద్ధతి, ముఖ్యంగా కీటకాహార మొక్కలకి, తప్పు. అది మొక్క కోసం చేసిన ఏర్పాటు కాదు. మన బల్ల మురికి కాకూడదు, రోజూ నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఫోటోలో బావుండాలి. అన్నీ మన అవసరాలే.

ఆ పెట్టె ఎలా పుట్టిందో చూడండి. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు, ఓ పురుగు గూడుని మూసిన సీసాలో పెట్టి చూస్తుంటే అందులో ఫెర్న్ మొలకెత్తింది. ఆయన పెరట్లో పొగకి బతకని ఫెర్న్ సీసాలో బతికింది. 1833లో అలాంటి పెట్టెల్లో మొక్కల్ని ఓడలో సిడ్నీ దాకా పంపించాడు. తర్వాత రాబర్ట్ ఫార్చూన్ చైనా నుంచి హిమాలయాల దిగువ తోటలకి తేయాకు మొక్కల్ని తెచ్చింది కూడా ఈ పెట్టెల్లోనే. అంటే నీడనీ తేమనీ ఇష్టపడే ఫెర్న్‌లకి అది ఇల్లు, తేయాకు మొక్కలకి ప్రయాణంలో రైలు పెట్టె. ఎండలో, ఆరుబయట బురదలో పెరిగే మొక్కని తీసుకొచ్చి ఆ రైలు పెట్టెలోనే కాపురం పెట్టమనడం మన తెలివి.

ఈ మధ్యే మా అక్క పిల్లల్ని పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది, రెండు వేల ఏళ్ళు పైబడిన అమ్మాయి. పాడైపోతోందని 2016లో గాలి చొరబడని, ఆక్సిజన్ లేని గాజు పెట్టెలోకి మార్చారు. పిల్లలు దాని చుట్టూ తిరుగుతుంటే నాకు నా సీసానే గుర్తొచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఉండాలంటే ఆ పెట్టె సరైనదే. పెరగాల్సిన దానికే పనికిరాదు.

ఇదంతా విని మా ఆఫీసు స్నేహితుడు "మూడొందల మొక్కకి ఇంత ఆలోచన ఎందుకురా? పోతే ఇంకోటి కొను" అన్నాడు. అతని మాటలోనూ కొంత న్యాయం ఉంది. తప్పు చెయ్యకుండా ఎవడూ నేర్చుకోడు, మొక్కలు చావకుండా తోటమాలి తయారవడు. నాకేం అభ్యంతరం లేదు. కానీ మొదటిది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా రెండోది కొంటే నేర్చుకున్నదేంటి? పైగా అడవుల్లో ఈ మొక్కలు బోలెడన్ని లేవు. ఫ్లైట్రాప్‌ల దొంగతనం ఎంత ముదిరిందంటే, నార్త్ కరొలినాలో 2014 నుంచి దాన్ని పెద్ద నేరం కింద లెక్కేస్తున్నారు. మన మేఘాలయలో పెరిగే కూజా మొక్క నెపెంథిస్ ఖాసియానాకి 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. కాబట్టి కొనేటప్పుడు టిష్యూ కల్చర్‌లోనో, నర్సరీలోనో పెంచిందేనా అని అడగండి. నీలం రంగు ఫ్లైట్రాప్ విత్తనాలని ఎవరైనా అమ్మితే ఫోటోషాప్‌కి దణ్ణం పెట్టి ముందుకెళ్ళిపోండి. :)

ఇంకో సంగతి. పురుగుల్ని తినే మొక్క కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్న డ్రాసెరా గుర్తుందా? ఆకుల మీద ఎర్రటి వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక చివర మంచు బిందువు లాంటి జిగురు బొట్టు. డార్విన్ 1875లో కీటకాహార మొక్కల మీద రాసిన పుస్తకంలో ఎక్కువ భాగం డ్రాసెరాల గురించే. వాటిలో డ్రాసెరా ఇండికా, డ్రాసెరా బర్మానీ అనే రెండు రకాలు మన తెలుగు నేల మీదే, వానలు పడ్డాక తడిగా ఉండే ఇసుక నేలల్లో కనిపిస్తాయి. వరి మళ్ళలో, కుంటల్లో యుట్రిక్యులేరియా ఉంటుంది, నీటి అడుగున బుల్లి తిత్తులతో పురుగుల్ని పీల్చేస్తుంది. మనం వాటిని తొక్కుకుంటూ పోయి, కొరియర్లో ఫ్లైట్రాప్ తెప్పించుకుంటాం. ఐతే కనిపించాయి కదా అని పీక్కురాకండి. అక్కడే కూర్చుని చూసి రండి, చాలు.

పెంచాలనే ఉంటే నేను నేర్చుకున్నది ఇదీ. మూత లేని గాజు తొట్టి తీసుకోండి. దాన్ని అందం కోసం మాత్రమే వాడండి. మొక్క మాత్రం అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో ఉండాలి. ఆ కుండీని తొట్టిలో కాస్త నీళ్ళు పోసి నిలబెట్టండి. మట్టి బదులు ఎరువు కలపని పీట్, పెర్లైట్ సగం సగం. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, బాగా కడగకుండా వాడొద్దు. పొద్దుటి ఎండ తగలాలి. నీళ్ళకి వానాకాలంలో మేడ మీద బకెట్టు, మిగతా రోజుల్లో ఏసీ నుంచి కారే నీళ్ళు. మా ఏసీ నీళ్ళు కొలిస్తే 15 చూపించింది. ఫ్లైట్రాప్ జోలికి పోకుండా, వేడికి తట్టుకునే డ్రాసెరా బర్మానీతో మొదలుపెట్టండి. వేళ్ళు పెట్టకండి, చికెన్ ముక్కలు అసలే పెట్టకండి. పురుగుల్ని అదే వెతుక్కుంటుంది.

మా అమ్మ సంగతి చెప్పలేదు కదూ. ఆ ఫోటోలన్నీ అమ్మకి చూపించాను. "నువ్వు నీళ్ళు పొయ్యకముందే పోయిందమ్మా. తప్పు నాదే, ఊకెనే నీమీద ఒర్రిన" అన్నాను. ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది.

"దానికి ఏం పడదో ముందుగాల నాకు చెప్పాలె గదా బిడ్డా" అంది. అంతే. అది తిట్టు కూడా కాదు, డాక్యుమెంటేషన్ లేదని చెప్పడం. నిజమే, పుణె వెళ్తూ ల్యాప్‌టాప్ చార్జరు ఎక్కడుందో చెప్పాను గానీ మొక్క గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు కిటికీలో ఓ నర్సరీ నుంచి తెప్పించిన చిన్న డ్రాసెరా ఉంది, మూత లేని తొట్టిలో. ఏసీ పైపు కింద బకెట్టు పెట్టింది అమ్మే. రోజూ పొద్దున నేను నాంపల్లి మెట్రోకి పరుగెత్తే ముందు "ఇయ్యాల దోమ పడ్డది చూసినవా?" అని ఆవిడే చెబుతోంది. శనివారం పడితే మాత్రం చెప్పదు. బియ్యం నీళ్ళు ఎప్పట్లాగే మందారానికి పోతున్నాయి. నా టీ గ్లాసు అడక్కుండానే తీసేస్తోంది.

మీ బల్ల మీద కూడా అలాంటి సీసా ఉంటే ఓసారి మూత తీసి, లోపలున్నది ఏ ఊరిదో, అక్కడ దానికి ఏం అలవాటో కనుక్కోండి. మీరు ఊరెళ్తే దాన్ని చూసుకునేవాళ్ళకి కూడా అది చెప్పి వెళ్ళండి.